ఎనిమిది గళ్ళలో ‘వేడి’

మస్కట్‌లో ఎండాకాలం గడిపినవాళ్ళకి ఈ తిరకాసు తెలిసే ఉంటుంది. జూన్ వచ్చేసరికి గీజర్ ఆపేస్తాం. మేడ మీది ట్యాంకులో నీళ్ళు ఎండకి కాగిపోయి, చన్నీళ్ళ నల్లాలోంచి సలసలా వస్తాయి. ఆపేసిన గీజర్‌లో నిలవున్న నీళ్ళేమో ఇంట్లో ఏసీ పుణ్యమా అని చల్లబడి ఉంటాయి. అంటే ఎర్రగుర్తు వైపు తిప్పితే చన్నీళ్ళు, నీలం వైపు తిప్పితే వేణ్ణీళ్ళు! రాత్రయినా పెద్ద తేడా ఉండదు. ఇదే తీరంలో ఉన్న కురియాత్‌లో 2018 జూన్‌లో ఒకరోజు, రాత్రీ పగలూ కలిపి ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగనే లేదు.

విజిటింగ్ వీసా మీద వచ్చిన మా అమ్మకి ఈ సంగతి చెప్పడం మర్చిపోయాను. నీలం వైపు తిప్పి చెయ్యి పెట్టేసింది. “గీజర్ బంద్ చెయ్యలేదా బిడ్డా?” అంటూ బయటికొచ్చింది. బొబ్బలేం రాలేదు గానీ, వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. ఆ తర్వాత ఏ నల్లా ముట్టుకోవాలన్నా భయమే. స్నానానికి వెళ్ళే ముందు మా ఆవిణ్ణి పిలిచి, నీళ్ళు చూసిపెట్టమనేది. ఎవరి మీదా ఆధారపడకుండా బతికిన మనిషి అలా పిలవడం నాకు కష్టంగా అనిపించింది.

సొరుగులో ఎప్పుడో కొన్న ఆర్డ్యునో ఊనో బోర్డు, ఒక చిన్న ఎల్‌సీడీ తెర పడున్నాయి. వరసకి 16 అక్షరాల చొప్పున రెండు వరసలు పట్టే తెర అది. నీళ్ళలో ముంచినా పాడవని డీఎస్18బీ20 సెన్సర్ ఒకటి తెప్పించాను. సెన్సర్ వైరు బకెట్లోకి, మిగతా సరంజామా అంతా బాత్రూం బయట అలమరలో, కరెంటుకి పవర్‌బ్యాంక్. ఇదీ పథకం.

మొదటిసారి చేసేవాళ్ళకి ఒక మాట. అన్ని వైర్లూ సరిగ్గా కలిపినా తెర మీద ఏమీ కనబడకపోతే, లేదా పై వరసంతా నల్లటి గళ్ళే కనబడితే, కంగారుపడి మళ్ళీ పీకకండి. మూడో పిన్నుకి 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ పెట్టి మెల్లగా తిప్పండి. అది కాంట్రాస్ట్. తిప్పాక కూడా నల్లగళ్ళే ఉంటే, అప్పుడు వైర్లు చూసుకోండి. ఈ సంగతి తెలియక నేను ఒక శుక్రవారం మొత్తం పోగొట్టుకున్నాను.

సాయంత్రానికి తెర మీద 46, దాని పక్కన ఇంగ్లీషులో ‘హాట్’ అని వచ్చాయి. గొప్పగా తీసుకెళ్ళి చూపించాను. అమ్మ ఐదో తరగతి దాకా చదివింది, తెలుగు పేపరు వదలకుండా చదువుతుంది. ఇంగ్లీషు రాదు. “అంకె తెలుస్తున్నది గానీ, నలభై ఆరంటే ఎక్కువనా తక్కువనా? పక్కన రాసిందేంది?” అంది. చదివేవాళ్ళెవరో ఆలోచించకుండానే తెర తయారుచేశాను!

ఏముందిలే, తెలుగులో రాసేద్దామని కోడ్‌లో ‘వేడి’ అని టైపు చేశాను. తెర మీద వరసగా ఇవి వచ్చాయి: గ్రీకు ఆల్ఫా, ఒక గీత, జపాన్ వాళ్ళ ‘ఒ’, మళ్ళీ ఆల్ఫా, జపాన్ ‘అ’, ఖాళీ, మళ్ళీ ఆల్ఫా, గీత, జపాన్ ఫుల్‌స్టాప్, చివర ఆల్ఫా, గీత, ‘సొ’.

దీనికి కారణం ఉంది. యూనికోడ్‌లో ‘వేడి’ అంటే వ, ఏత్వం, డ, గుడి – మొత్తం నాలుగు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, వెరసి పన్నెండు. ‘వ’ ఒక్కటే 224, 176, 181. ఫోను గానీ కంప్యూటర్ గానీ ఆ మూడింటినీ కలిపి చదువుతుంది. ఈ తెరకి ఆ తెలివి లేదు. ఒక బైటు వస్తే ఒక బొమ్మ వేస్తుంది. ఇలాంటి తెరల వెనకుండే చిప్పు హిటాచి కంపెనీ 1980ల్లో చేసిన హెచ్‌డి44780, లేదా దానికి నకలు. నా దగ్గరున్న రకంలో ఇంగ్లీషు, జపాన్ కటకానా, కొన్ని గ్రీకు అక్షరాలు ముందే అచ్చేసి ఉన్నాయి. మనకి చోటు లేదు. మస్కట్‌లో ప్రతి బోర్డు మీదా కనబడే అరబిక్‌కీ లేదు.

కాకపోతే మనం సొంతంగా గీసుకోవడానికి ఎనిమిది గళ్ళు వదిలారు. ఒక్కో గడి 5 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. ఒక్క గడిలో ‘వే’ ఇరికిస్తే అది అక్షరంలా కాదు, నలిగిన చీమలా ఉంది. అందుకని అక్షరానికి నాలుగు గళ్ళు, పైన రెండు, కింద రెండు ఇచ్చాను. ‘వే’కి నాలుగు, ‘డి’కి నాలుగు. సరిగ్గా ఎనిమిది!

గళ్ళ కాగితం మీద గీయడం మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడింది. లేఖినిలో తడుముకుంటూ టైపింగ్ నేర్చుకున్నవాణ్ణి. ఏళ్ళ తరబడి తెలుగులో రాస్తున్నాననే అనుకుంటున్నాను. కానీ ‘డ’ ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో నా చేతికి గుర్తులేదు. నేను వేసింది చూసి మా ఆవిడ ‘వేది’ అని చదివింది. పైగా గడికీ గడికీ మధ్య వెలగని సందు ఉంటుంది. గీత సరిగ్గా అక్కడే తెగుతోంది.

అమ్మ పెన్సిల్ తీసుకుంది. “పలక మీద దిద్దలేదా నువ్వు? ఇట్ల తిప్పాలె” అంటూ ఒక్క ఊపులో ‘డి’ రాసింది. ఆ కందిన వేళ్ళతోనే. దాని మీదుగా చుక్కలు నింపుకుంటూ పోయాను. సందు దగ్గర ఒక చుక్క వెడల్పు గీత ఉన్నట్టే లెక్కేసుకుంటే అక్షరం అతికినట్టు కనబడింది.

ఆర్డ్యునో లైబ్రరీలో క్రియేట్‌క్యార్ అనే ఫంక్షన్‌కి గడికి ఎనిమిది సంఖ్యల చొప్పున ఇస్తే చాలు. అది పిలిచాక సెట్‌కర్సర్ మళ్ళీ పిలవడం మర్చిపోకండి. లేకపోతే తర్వాత పంపే అక్షరాలు తెర మీదికి కాక, బొమ్మల జాగాలోకే పోతాయి.

40 డిగ్రీలు దాటితే ‘వేడి’. దాటకపోతే అవే ఎనిమిది గళ్ళలో వేరే బొమ్మలు నింపి ‘చల్ల’ అని వేశాను, ‘చల్లన’కి చోటు చాలక. అమ్మ చూసి, “నీళ్ళు పోసుకోమంటే సల్ల పోసుకోమంటున్నది గిదేంది?” అని పడీపడీ నవ్వింది. ఇక్కడికొచ్చాక అంతగా నవ్వడం అదే మొదలు. ఆ పూటే దాన్ని ‘సరే’గా మార్చాను.

128 చుక్కల వెడల్పు, 64 ఎత్తు ఉండే గ్రాఫిక్ తెర కొంటే ఈ తంటా ఏదీ ఉండదు కదా అంటారేమో. నిజమే, ఎవరైనా కొత్తగా చేస్తుంటే అదే కొనమంటాను. నాకు మాత్రం ఈ తెర వల్ల ‘డి’ రాయడం మళ్ళీ వచ్చింది.

మర్నాడు పొద్దున అమ్మ మా ఆవిణ్ణి పిలవలేదు. బకెట్ నింపి, తలుపు బయటికి తొంగిచూసి, ‘సరే’ అని పైకే చదువుకుని గడియ పెట్టుకుంది.