తోక లేని పేరు

కంప్యూటరునకు మనము పని చెప్పు మార్గములలో, తెరపై ఆజ్ఞలను టైపు చేయుట యొకటి. తఱచుగా చేయవలసిన ఆజ్ఞలను వరుసగా వ్రాసి యొక ఫైలులో నుంచినచో దానిని స్క్రిప్టు అందురు. ఫైలు పేరునకు చివర చుక్క పెట్టి, అది యే జాతిదో తెలుపు కొన్ని అక్షరములను చేర్చుట వాడుక. దీనికి ఎక్స్‌టెన్షన్ అని పేరు. మేము తోక యనుచున్నాము. ఈ తోకను టైపు చేయకయే స్క్రిప్టు నెట్లు నడుపవచ్చునో వివరింతుము.

విండోస్ నందు పాత్‌ఎక్స్‌ట్ అను తోకల జాబితా కలదు. అందు కామ్ మొదటిది. పిదప ఎక్సీ, బ్యాట్, సీఎండీ మొదలగునవి వచ్చును. మన ఫైలు 'లెక్క.బ్యాట్' అనుకొందము. ఉత్త 'లెక్క' అని టైపు చేసినచో, ఆజ్ఞలను గ్రహించు ప్రోగ్రాము మొదట మనమున్న ఫోల్డరునందును, పిదప పాత్ అను మఱియొక జాబితాలోని ఫోల్డరులయందును వెదకును. ప్రతి ఫోల్డరులోను తోకలను వరుసగా తగిలించి చూచును. పైథాన్ స్క్రిప్టుల తోకయగు 'పీవై'ని ఈ జాబితాకు చేర్చి, ఆ తోక గల ఫైళ్లను పైథానే తెరచునట్లు ఏర్పఱచినచో, అవియు నిట్లే నడుచును.

యూనిక్స్, లినక్స్ లందు తోకతో పనియే లేదు. ఫైలునకు నడుచు ననుమతి నిచ్చి, మొదటి పంక్తిలో హాష్ గుర్తును, ఆశ్చర్యార్థకమును వ్రాసి, దానిని చదివి నడుపవలసిన ప్రోగ్రామెక్కడ నున్నదో తెలిపిన చాలును. ఈ పద్ధతిని 1980లో బెల్ పరిశోధనాలయమున డెన్నిస్ రిచీ ప్రవేశపెట్టెను. నేడు షెల్లులో వ్రాసిన స్క్రిప్టును రేపు పైథానులో తిరిగి వ్రాసినను దాని పేరు మారదు. దానిని పిలుచు ఇతర స్క్రిప్టులను దిద్ద నక్కఱ లేదు.

అయినను ఇందొక ప్రమాదము కలదు. తరగతిలో ఇద్దరు సుబ్బారావు లున్నప్పుడు ఇంటిపేరు లేక పిలిచినచో, ముందు బల్లపై నున్నవాడే పలుకును గదా! అట్లే యొక ఫోల్డరునందు ఒకే పేరుతో కామ్, ఎక్సీ ఫైళ్లు రెండు నున్నచో కామ్ ఫైలే నడుచును. డాస్ కాలమున కొన్ని వైరసులు ఈ వరుసనే ఆసరాగా గొని, ఎక్సీ ఫైలు ప్రక్కన అదే పేరుతో కామ్ ఫైలుగా నిలిచి, ముందు తాము నడిచి, పిదప అసలు ప్రోగ్రామును నడిపెడివి. యజమానికి అనుమానమే కలుగకుండెడిది. వీనిని సహచర వైరసు లనిరి.

కావున విద్యార్థులు తోకను విడుచుటకు ముందు, విండోస్ నందు 'వేర్' అనియు, యూనిక్స్ నందు 'టైప్' అనియు వ్రాసి, ప్రక్కన తమ స్క్రిప్టు పేరు చేర్చి చూడవలెను. ఆ పిలుపునకు పలుకునది ఏ ఫైలో అప్పుడు తెలియును. పేరు కుదించుట సుఖమే. పలుకువాని నెఱిగి పిలుచుట క్షేమము.