7.4 లౌడ్‌స్పీకర్ పరిమాణం, రకం – ధ్వనిలో సహజత్వం

గరివిడి పరిసరాలతో సహా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో తప్పెటగుళ్ళు ప్రసిద్ధ జానపద కళ. కళాకారులు తప్పెటను గుండెలపై కట్టుకొని, గజ్జెల లయకు తగినట్లు వాయిస్తారు. మెల్లని తాళం నుంచి పెద్ద దెబ్బకు ధ్వని క్షణంలో పెరుగుతుంది. అత్యల్ప, అత్యధిక ధ్వని స్థాయిల మధ్య ఉండే అంతరాన్ని డైనమిక్ రేంజ్ అంటారు. ఇదే ప్రదర్శనను మైకుసెట్టులో వింటే పాట స్పష్టంగా ఉన్నా దెబ్బలో ఊపు తగ్గవచ్చు. ఇందుకు కారణాలు పరిశీలిద్దాం.

పరిమాణం: స్పీకర్ నెట్టే గాలి ఘనపరిమాణం, శంకువు వైశాల్యాన్ని అది కదిలే దూరంతో గుణిస్తే వస్తుంది. 8 అంగుళాల స్పీకర్‌లో కదిలే వైశాల్యం సుమారు 220 చదరపు సెంటీమీటర్లు. 15 అంగుళాల దానిలో సుమారు 880. ఒకే పౌనఃపున్యం వద్ద ఒకే స్థాయి ధ్వనికి పెద్దది 1 మిల్లీమీటరు కదిలితే, చిన్నది 4 మిల్లీమీటర్లు కదలాలి. పౌనఃపున్యం సగమైతే ఈ దూరాలు మళ్ళీ 4 రెట్లవుతాయి. కదలిక హద్దు చేరగానే చిన్న స్పీకర్‌లో దెబ్బ నలిగిపోతుంది.

సున్నితత్వం: ధ్వని స్థాయి 10 డెసిబెల్‌లు పెరగాలంటే విద్యుత్ సామర్థ్యం 10 రెట్లు కావాలి. 1 వాట్‌తో 1 మీటరు దూరంలో 87 డెసిబెల్‌లు ఇచ్చే స్పీకర్‌కు 107 డెసిబెల్‌లు చేరడానికి 100 వాట్లు అవసరం. 97 ఇచ్చేదానికి 10 వాట్లు చాలు. వాట్లలో అధిక భాగం వాయిస్ కాయిల్‌లో వేడిగా మారుతుంది. రాగి తీగ 100 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే దాని నిరోధం దాదాపు 40 శాతం పెరిగి, విద్యుత్ ప్రవాహం తగ్గుతుంది. అందువల్ల ధ్వని 3 డెసిబెల్‌ల వరకు పడిపోవచ్చు. దీనిని పవర్ కంప్రెషన్ అంటారు.

రకం: జాతరలలో కట్టే గొట్టం స్పీకర్, అంటే హారన్, చిన్న పటలం కంపనాలను గాలికి సమర్థంగా అందిస్తుంది. శంకువు స్పీకర్ల దక్షత సాధారణంగా కొద్ది శాతమే; హారన్ దక్షత 10 శాతం దాటగలదు. అయితే పొట్టి హారన్ మంద్రస్వరాలను పలికించలేదు. అందుకే దెబ్బలోని చురుకు వినిపిస్తుంది, బరువు వినిపించదు.

అలాగని పెద్ద శంకువు ఒక్కటే చాలదు. తరంగదైర్ఘ్యం శంకువు వ్యాసం కంటే తగ్గినప్పుడు ధ్వని సూటిగా ముందుకే పోతుంది. పక్కన కూర్చున్నవారికి సరిగా అందదు. 15 అంగుళాల స్పీకర్‌లో ఇది సుమారు 900 హెర్ట్జ్ వద్ద మొదలవుతుంది. కాబట్టి మంద్రస్వరాలకు పెద్ద శంకువు, తారస్వరాలకు హారన్ కలిపి వాడటం మేలు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: 90 డెసిబెల్‌ల సున్నితత్వం గల స్పీకర్‌తో 1 మీటరు దూరంలో 110 డెసిబెల్‌లు పొందడానికి ఎన్ని వాట్లు కావాలి? అంత సామర్థ్యం ఇచ్చినా, కొంతసేపటికి ధ్వని ఎందుకు తగ్గవచ్చు?