చిగురాకు పసుపైతే యూరియా సంచి విప్పకండి, ముందు నేలలో సున్నం చూడండి



పోయిన వారం మన గ్రూపులో ముగ్గురు ఒకే మాదిరి ఫోటో పెట్టారు. మల్బరీ కొమ్మ కొనన ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. కింద జవాబులేమో "యూరియా వేయి", "జిప్సం వేయి" అని వచ్చాయి. ఆ రెండూ వేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి నేను. అందుకే ఈసారి మన పక్క సున్నపు గరప నేల గురించి నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

*ఇది ఏ నేల?*

కోవిల్‌పట్టి చుట్టూ కరిసల్ అని అందరికీ తెలుసు. విరుదునగర్ దాకా పోయినా ఎక్కువ అదే. అయితే కరిసల్ పల్లంలో ఉంటుంది. కాస్త మెరక ఎక్కితే, గొర్రెలు మేకలు తిరిగే బీళ్ళలో నేల రంగు మారుతుంది. బూడిద రంగు, లేకపోతే లేత గోధుమ రంగు. చేతిలో తీసుకుంటే కరిసల్ మాదిరి జిగురు ఉండదు, ఇసుక మాదిరి జారిపోదు. పొడిపొడిగా రాలుతుంది. అక్కడక్కడ శనగ గింజంత, గోలీకాయంత తెల్ల గుండ్లు కనిపిస్తాయి. అవే సున్నపు గుండ్లు. మన పెద్దల కాలంలో ఇలాంటి గుండ్లు ఏరి, కాల్చి, ఇంటికి సున్నం చేసేవాళ్ళు.

ఇప్పుడు మల్బరీ కోసం మనవాళ్ళు కొంటున్నది ఎక్కువ ఇలాంటి బీళ్ళే. ధర తక్కువ, దున్నితే తేలిగ్గా వస్తుంది, కరిసల్ మాదిరి ఎండకు పర్రెలు విచ్చదు. వాన పడిన రెండు మూడు రోజులకే కాలు పెట్టొచ్చు. ఇవన్నీ నిజంగా మంచి గుణాలే. సున్నం వల్లనే మట్టి గుల్లగా ఉంటుంది, నీళ్ళు లోపలికి దిగుతాయి. కనుక ఇది చెడ్డ నేల కాదు. దీని గుణం తెలియకుండా ఎర్రనేల మాదిరి చూస్తేనే తంటా.

*సున్నం ఎలా వచ్చింది?*

దండిగా వాన పడే చోట సున్నం నీటిలో కరిగి లోతుకు పోతుంది. మనది పడమటి కొండలకు ఇవతల పక్క. నైరుతి వాన మనదాకా పెద్దగా రాదు. మనకు వానంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేదే. ఆ తడి రెండు మూడు అడుగులు దిగేసరికే ఎండలు వచ్చేస్తాయి. నీరు ఆవిరైపోతుంది, అందులో కరిగిన సున్నం అక్కడే గడ్డ కడుతుంది. వేల ఏళ్ళు ఇలా జరిగితే గుండ్లు, కొన్నిచోట్ల పలక మాదిరి గట్టి పొర తయారవుతాయి. అడుగున సున్నపురాయి ఉన్నచోట ఇంకా ఎక్కువ. పందల్‌గుడి దగ్గర సున్నపురాయి తవ్వేదీ, ఆలంగుళంలో 1970లో ప్రభుత్వ సిమెంటు ఫ్యాక్టరీ పెట్టిందీ ఊరికే కాదు గదా.

*నేను చేసిన తప్పు*

నా రెండెకరాలు ఇలాంటి బీడే. వీ1 రకం నాటాను. మొదటి ఏడు బాగానే వచ్చింది. రెండో ఏడు కార్తీక వానలు ఆగిన తర్వాత చిగుళ్ళు పసుపెక్కాయి. నత్రజని తక్కువనుకుని యూరియా చల్లాను. కింది ఆకులు ఇంకా ముదురు పచ్చగా అయ్యాయి, పైఆకు అలాగే ఉంది. ఎరువుల అంగట్లో అడిగితే "పీహెచ్ ఎక్కువ సామీ, జిప్సం పోయండి" అన్నారు. రెండు లోడ్లు తోలాను. ఏమీ మారలేదు.

ఆ ఆకుతోనే పురుగు మేపాను. చిన్న పురుగుకు లేతాకే కావాలి, పసుపెక్కింది ఆ లేతాకే. రెండో జ్వరం నుంచి లేచేటప్పుడే పురుగు ఎగుడుదిగుడుగా లేచింది. గూళ్ళు కట్టాయి, కానీ పలచన. చేతిలో పట్టుకుంటే మెత్తగా నొక్కుకునేవి. మార్కెట్లో మా ఆవిడ ముందు తలెత్తుకోలేకపోయాను. ఆ తర్వాతే మట్టి పరీక్షకు పోయాను. ముందు చేయవలసిన పని ఆఖర్న చేశాను.

*ఇనుము ఉంది, చెట్టుకు అందదు*

పైఆకు పసుపెక్కి ఈనెలు పచ్చగా ఉంటే అది ఎక్కువగా ఇనుము లోపం. నత్రజని లోపమైతే కింది ముదురాకు ముందు పసుపవుతుంది. ఎందుకంటే చెట్టు నత్రజనిని పాత ఆకు నుంచి లాగి కొత్త ఆకుకు ఇవ్వగలదు, ఇనుమును అలా లాగలేదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం ఖర్చు మిగులుతుంది.

మన నేలలో ఇనుము లేక కాదు. సున్నం ఉన్న నేల పీహెచ్ 8 పైనే నిలుస్తుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే నీటిలో కరిగే ఇనుము వెయ్యో వంతుకు పడిపోతుంది. మల్బరీకి నచ్చేది 6.2 నుంచి 6.8 దాకా. లెక్క చూసుకోండి. గాదె నిండా గింజలు ఉండి తాళంచెవి పోయిన మాదిరి.

నీళ్ళు ఎక్కువైతే ఇంకా కష్టం. వేర్ల దగ్గర గాలి ఆడక కర్బన వాయువు నిలుస్తుంది, అది సున్నంతో కలిసి బైకార్బనేటు అవుతుంది, అది ఇనుమును ఇంకా అడ్డుకుంటుంది. వానలు ఆగిన వెంటనే పసుపు కనిపించేది ఇందుకే. మన బావుల నీటిలో కూడా ఈ బైకార్బనేటే. గిన్నె అడుగున తెల్లగా కట్టేది అదే.

భాస్వరం కథ కూడా ఇంతే. డీఏపీ పైన చల్లితే సున్నంతో కలిసి గట్టిపడిపోతుంది. యూరియా, అమ్మోనియం సల్ఫేటు రెండూ సున్నపు నేల మీద చల్లి వదిలేస్తే అమ్మోనియాగా గాలిలో పోతాయి.

*తెల్లగా ఉందంటే ఏ తెలుపు?*

నేల మీద తెలుపు మూడు రకాలు. సున్నం, ఉప్పు, చౌడు. మందు వేరువేరు గనుక ముందు ఏదో తేల్చుకోవాలి.

1. చెంచాడు మట్టి మీద నిమ్మరసం పిండండి. బుసబుసమని నురుగు వస్తే సున్నం ఉంది. నురుగు ఎక్కువైతే సున్నం ఎక్కువ. పై మట్టి, అడుగు లోతు, రెండడుగుల లోతు, మూడూ వేరుగా చూడండి.

2. నురుగు వచ్చినంత మాత్రాన చౌడు లేదని కాదు. రెండూ కలిసి ఉండొచ్చు. ఎండిన మట్టి పెళ్ళ ఒకటి వాననీటి గ్లాసులో కదపకుండా వేయండి. మర్నాటికి పెళ్ళ విడిపోయినా నీళ్ళు తేటగా ఉంటే సున్నపు నేల. నీళ్ళు పాల మాదిరి మడ్డిగా నిలిస్తే చౌడు అనుమానం. బావి నీళ్ళు పనికిరావు, వాన నీళ్ళే కావాలి.

3. మట్టి పరీక్ష కాగితంలో పీహెచ్, ఈసీ, సున్నం స్థితి మూడూ చూడండి. పీహెచ్ 8 నుంచి 8.4 లోపల ఉండి ఈసీ తక్కువైతే అది సున్నం పని. 8.5 దాటితే సోడియం ఉందేమో అడగండి. ఈసీ ఎక్కువైతే ఉప్పు.

జిప్సం పనిచేసేది చౌడు నేలలో. అందులోని కాల్షియం సోడియంను తోసేస్తుంది. మన సున్నపు నేలలో కాల్షియం ఇప్పటికే కుప్పలు. అక్కడ జిప్సం వేయడమంటే ఉప్పు పాత్రలో ఉప్పు పోయడమే.

*సున్నాన్ని తీసేయొచ్చా?*

గంధకం వేస్తే సున్నం కరుగుతుందని చెప్తారు. కరుగుతుంది, నిజమే. లెక్క మాత్రం చూడండి. ఎకరానికి అరడుగు లోతు మట్టి సుమారు 900 టన్నులు. అందులో 5 శాతం సున్నం ఉంటే 45 టన్నులు. అంత సున్నం కరగడానికి 14 టన్నులకు పైగా గంధకం కావాలి. ఎవరి వల్ల అవుతుంది?

ఇంకొకటి కూడా ఈ లెక్కలోనే తేలుతుంది. షెడ్డులో పురుగు మీద చల్లే సున్నం పడక చెత్తతో తోటకు పోయి నేల చెడిపోతుందని కొందరి భయం. 45 టన్నుల ముందు ఆ పిడికెడు సున్నం ఎంత? పడక చెత్త పచ్చిగా తోటలో వేయకూడదు, అది రోగం వల్ల. గుంటలో బాగా మగ్గించి వేస్తే అదే మంచి ఎరువు.

కనుక నేలంతా మార్చాలని చూడొద్దు. వేరు దగ్గర జానెడు చోటు మారిస్తే చాలు.

*నేను ఇప్పుడు చేసేది*

- పశువుల ఎరువు, కంపోస్టు. హెక్టారుకు ఏడాదికి 20 టన్నులని సిఫారసు, అంటే ఎకరానికి 8. ఎరువు కుళ్ళేటప్పుడు పుట్టే ఆమ్లాలు వేరు దగ్గర ఇనుమును వదులు చేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. సాళ్ళ మధ్య జనుమో జీలుగో చల్లి పూతకు ముందు కలియదున్నుతాను.

- భాస్వరం ఎరువు పైన చల్లను. పశువుల ఎరువుతో కలిపి సాలు పక్కన గాడి తీసి వేసి మట్టి కప్పుతాను. నత్రజని కొద్దికొద్దిగా, మట్టిలో కలిపి వెంటనే తడి ఇస్తాను.

- అన్నభేది ఒట్టిగా నేలలో వేస్తే తుప్పుగా మారి ఊరుకుంటుంది. ఆకు మీద పిచికారీ చేయాలి. లీటరుకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. నిమ్మ ఉప్పు ముందు కలపాలి, లేకపోతే మన నీటిలో ద్రావణం గోధుమ రంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది. కత్తిరించిన 20వ రోజు ఒకసారి, 30వ రోజు ఒకసారి, సాయంత్రం పూట. ఆకు కోతకు రెండు వారాల ముందే ఆపేయాలి.

- అంగట్లో చిలేటెడ్ ఇనుము కొంటే పేరు చదవండి. ఈడీటీఏ రకం సున్నపు నేలలో నిలవదు, ఆకు మీద కొట్టడానికైతే సరే. నేలకు వేయాలంటే ఈడీడీహెచ్‌ఏ రకమే నిలుస్తుంది. ధర ఎక్కువ గనుక బాగా పసుపెక్కిన చెట్లకే వాడుతాను.

- నీళ్ళు ఒకేసారి నిండా పెట్టను. కొద్దిగా, తరచుగా. వానాకాలంలో నీరు నిలవకుండా కాలువ. డ్రిప్పు ఉంటే రంధ్రాలు సున్నం కట్టి మూసుకుంటాయి, ఆమ్లంతో కడగాలి. నీటిలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు. మన నీటితో డీఏపీ కరిగించి డ్రిప్పులో వదలొద్దు, అదీ గట్టిపడుతుంది.

*బీడు కొనబోయేవాళ్ళకు*

అడ్వాన్సు ఇచ్చే ముందు మూడు నాలుగు చోట్ల మూడడుగుల గుంట తీయించండి. గుండ్లు మాత్రమే ఉంటే భయం లేదు. రెండడుగుల లోపలే పలక మాదిరి గట్టి పొర తగిలితే ఆలోచించండి. వేరు దిగదు, వానకు నీరు నిలుస్తుంది, ఎండకు చెట్టు వాడుతుంది. పొర పలచనైతే నాటే సాళ్ళలో పగలగొట్టి ఎరువు నింపి నాటొచ్చు. మందంగా ఉంటే ఆ నేల గొర్రెలకే వదిలేయడం మేలు. బావి నీరు కూడా ఒక సీసాలో పరీక్షకు ఇవ్వండి.

మట్టి పరీక్షకు, సలహాకు కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది, అరుప్పుక్కోట్టలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. దూరం అనుకోవద్దు. నేను పోసిన రెండు లోడ్ల జిప్సం ఖర్చుతో ఊరందరి మట్టి పరీక్ష అయ్యేది.

ఫోటో పెట్టిన ముగ్గురూ ఈ రోజే నిమ్మకాయతో పరీక్ష చేసి, నురుగు వచ్చిందో లేదో గ్రూపులో చెప్పండి. ఫోటోతో పాటు కత్తిరించి ఎన్ని రోజులైంది, ఏ నీళ్ళు పెడుతున్నారు అనేది కూడా రాయండి. వచ్చే కోతకు ఇంకా టైము ఉంది, ఆకు పచ్చబడుతుంది.