బాలల్లో స్థూలకాయ నివారణ: కుటుంబాల కోసం ఆన్‌లైన్ కార్యక్రమాల రూపకల్పన

బాల్యంలో ఏర్పడిన అధిక బరువు యుక్తవయసులోనూ కొనసాగి మధుమేహం, అధిక రక్తపోటు వంటి వ్యాధులకు దారితీసే ప్రమాదం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో 5 నుండి 19 సంవత్సరాల వయసు గలవారిలో 39 కోట్ల మందికి పైగా అధిక బరువుతో ఉండగా, వారిలో 16 కోట్ల మంది స్థూలకాయులు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం మన దేశంలో 5 సంవత్సరాల లోపు పిల్లల్లో అధిక బరువు గలవారు 2015-16లో 2.1 శాతం కాగా, 2019-21 నాటికి 3.4 శాతానికి పెరిగారు. అదే వయసు పిల్లల్లో 32.1 శాతం మంది తక్కువ బరువుతో ఉన్నట్లు కూడా 2019-21 సర్వే వెల్లడించింది. అందువల్ల అందరికీ ఒకే సలహా ఇచ్చే కార్యక్రమం మేలు కంటే కీడు చేయగలదు.

విదేశీ అనుభవాలు

స్వీడన్‌లో "మినీస్టాప్ 2.0" అనే మొబైల్ యాప్‌ను శిశు ఆరోగ్య కేంద్రాల నర్సుల ద్వారా తల్లిదండ్రులకు అందించి 6 నెలల పాటు పరీక్షించారు. స్వీడిష్‌తో పాటు ఇంగ్లీషు, అరబిక్, సోమాలీ భాషల్లో రూపొందించిన ఈ యాప్ వల్ల పిల్లలు తినే తీపి, చిరుతిళ్లు, తీపి పానీయాలు, తెర చూసే సమయం తగ్గాయి. ఆస్ట్రేలియాలో 2 నుండి 5 సంవత్సరాల పిల్లల తల్లిదండ్రుల కోసం 11 వారాల పాటు నిర్వహించిన "టైమ్ టు బి హెల్దీ" కార్యక్రమంలోనూ చిరుతిళ్ల వాడకం తగ్గింది. పిల్లలను బలవంతంగా తినిపించే అలవాటు కూడా తగ్గింది. అయితే ఈ రెండింటిలోనూ శరీర బరువు సూచికలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. మారేది ముందుగా అలవాట్లేనని, స్వల్పకాలంలో బరువును మాత్రమే కొలమానంగా తీసుకోరాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

రూపకల్పనలో పాటించవలసిన అంశాలు

మొదటి మెట్టుగా బిడ్డ ఎత్తు, బరువులను పెరుగుదల పట్టికతో సరిపోల్చాలి. బరువు తక్కువగా ఉన్న బిడ్డ తల్లికి ఆహారం తగ్గించమనే సందేశం ఎట్టి పరిస్థితిలోనూ చేరకూడదు. ఆ కుటుంబాన్ని అంగన్‌వాడీ కేంద్రానికి పంపాలి.

రెండవది, లక్ష్యాలు చిన్నవిగా, ఇంట్లో లెక్కించుకోదగినవిగా ఉండాలి. 3, 4 సంవత్సరాల పిల్లలు రోజుకు కనీసం 3 గంటలు శారీరకంగా చురుకుగా ఉండాలని, తెర ముందు గంటకు మించి కూర్చోరాదని, 10 నుండి 13 గంటలు నిద్రపోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. వీటిని తల్లిదండ్రులు వారం వారం నమోదు చేసుకుంటే, దానికి తగిన సలహా వెంటనే అందాలి.

మూడవది, సందేశం తెలుగు ఇంటికి సరిపోవాలి. బొద్దుగా ఉంటేనే ఆరోగ్యమని భావించే అమ్మమ్మలు, నాయనమ్మలు ఎక్కువగా తినిపించే ఇళ్లలో తల్లికి మాత్రమే బోధించి ప్రయోజనం లేదు. శీతల పానీయానికి బదులు మజ్జిగ, చిప్స్ పొట్లానికి బదులు ఉడికించిన శనగలు, జామకాయ వంటి అందుబాటులో ఉన్న ప్రత్యామ్నాయాలు చూపాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన 17 ఆహార మార్గదర్శకాలు ఇందుకు ఆధారం కాగలవు. చదువు రాని వారికోసం సందేశాలు వినిపించే ఏర్పాటు ఉండాలి. బిడ్డను ఎగతాళి చేసే మాట గాని, బొమ్మ గాని ఉండరాదు.

ఫోను గాని, ఇంటర్నెట్ గాని లేని కుటుంబాలకు ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల ద్వారా ఇదే సమాచారం అందినప్పుడే కార్యక్రమం సమగ్రమవుతుంది. ఎందరు నమోదయ్యారన్నది కాక, ఎన్ని ఇళ్లలో అలవాట్లు మారాయన్నదే దాని విజయానికి గీటురాయి కావాలి.