చీర ఫొటో చిన్నదైనా నేత చెదరకుండా

ఉమ్మడి నల్లగొండలోని పుట్టపాకలో నేసే, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన తేలియా రుమాలు, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని గద్వాల, నారాయణపేట చీరలు నేడు ఫోన్‌ ఫొటోల్లోనూ బేరానికి వస్తున్నాయి. 4,000 × 3,000 కొలత ఫొటోలో కోటీ 20 లక్షల పిక్సెళ్లుంటాయి. ఒక్కోదానికి 3 బైట్ల లెక్కన అది 36 ఎంబీ. 1992లో ప్రమాణంగా వెలువడిన జేపెగ్‌ పద్ధతి సాధారణంగా దీన్ని కొద్ది ఎంబీలకు కుదిస్తుంది.

ఈ పద్ధతి బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, కన్ను అంతగా పట్టించుకోని సన్నని తేడాలను వదిలేస్తుంది. అందుకే సాదా చీర ఫొటో బాగా చిన్నదవుతుంది. ఒత్తుగా ఇక్కత్‌ నమూనాలున్నది అంతగా తగ్గదు. వెలుగు కన్నా రంగు వివరాలకే ఎక్కువ కోత పడుతుంది కాబట్టి తేలియా రుమాలులో ఎరుపు, నలుపు కలిసే చోట గీతలు మసకబారవచ్చు.

సైజు తగ్గించేటప్పుడు ముందుగా అక్కర్లేని నేపథ్యాన్ని కత్తిరించాలి. ఆపై కొలతను 1,600 × 1,200కు దించితే పిక్సెళ్లు దాదాపు ఆరో వంతుకు వస్తాయి. చివరగా జేపెగ్‌ నాణ్యత అంకెను 80 దగ్గర పెట్టి, అంచులను పెద్దవిగా చేసి చూసుకోవాలి. కుదించిన ఫొటోనే మళ్లీ మళ్లీ మార్చి సేవ్‌ చేస్తే నష్టం పెరుగుతుంది. అసలు ఫొటోను విడిగా దాచాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది మరోసారి కుదించుకుపోతుంది; డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది.