మన ఇంటి లెక్క మనకు చెప్పేదెవరు?

పల్లె నుంచి హైదరాబాదుకు పనిమీద వచ్చే కూలివాళ్లకు ఎర్రమంజిల్ కొత్త తావు కాదు. రేషన్ కార్డులో పేరు గల్లంతైతే వినతిపత్రం పట్టుకొని వచ్చేది ఇక్కడి పౌర సరఫరాల భవన్‌కు. కాలువ చివరి పొలాలకు నీళ్లు రాకపోతే ఎక్కేది ఇక్కడి జలసౌధ మెట్లు. పక్కనే పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి. మండలంలో, జిల్లాలో మావల్ల కాదన్న రోగాలన్నీ అక్కడికే చేరతాయి. ఇటు తిరిగితే అమీర్‌పేట. డిగ్రీ పాసైన మన పిల్లలు కంప్యూటర్ కోర్సులని, పోటీ పరీక్షలని హాస్టల్ గదికి నలుగురైదుగురు చొప్పున సర్దుకునే పేట. తిండిగింజలు, మందు, పిల్లల బతుకుదెరువు. మూడింటి కోసం మనవాళ్లు తిరిగే తోవ అంతా కలిపి రెండు మైళ్ల లోపే.

ఈ పేరుకూ ఒక కథ ఉంది. గుట్టను జనం ఎర్రమట్టి పేరుతో పిలుచుకునేవారట. 1870 ప్రాంతంలో దానిమీద మేడ కట్టించిన నవాబు ఫక్రుల్ ముల్క్, ఆ మాటకు దగ్గరగా వినపడే పారశీక పదం వెదికి ఇర్రం మంజిల్ అన్నాడు. స్వర్గసౌధమని అర్థం. జనం నోట్లో మళ్లీ అది ఎర్రమంజిలే అయింది. ఆ మేడ కూల్చి శాసనసభ కడతామని ప్రభుత్వం బయల్దేరితే 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆపింది. అది వేరే సంగతి.

ఈ తోవ పక్కనే ఇంకొక చోటుంది. దాని గడప మనవాళ్లు తొక్కరు. 1980లో ఏర్పడ్డ ఆర్థిక సామాజిక అధ్యయనాల కేంద్రం, బేగంపేటలో పాత నిజామియా వేధశాల ఆవరణలో ఉంది. ఒకప్పుడు చుక్కల్ని లెక్కపెట్టిన చోట ఇప్పుడు మనుషుల్ని లెక్కపెడుతున్నారు. ఎవరి లెక్క? ఎక్కువగా మనదే. ఎవరింట్లో ఎందరు పిల్లలు, ఎంత పొడుగు, ఎంత బరువు, ఎవరు బడి మానారు, ఎవరు పెళ్లయి పోయారు, ఎవరు అప్పుపడ్డారు. ఆ లెక్క తేల్చిందేమిటో తెలుసుకుంటే మన సంఘాలకు పనికివస్తుందనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అక్కడి పనుల్లో పెద్దది 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఇథియోపియా, పెరూ, వియత్నాం, మన దేశం, ఈ నాలుగు దేశాల్లో 12,000 మంది పిల్లల్ని చిన్ననాటి నుంచి వెంబడిస్తూ వచ్చారు. మన దేశం అంటే ఇక్కడ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2001-02లో పుట్టినవాళ్లు 2,000 మంది, 1994-95లో పుట్టినవాళ్లు 1,000 మంది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు, వాటితోపాటు హైదరాబాదు బస్తీలు. 2002లో మొదటిసారి కొలిచారు. తర్వాత మూడు నాలుగేళ్లకోసారి అదే పిల్లల దగ్గరికి పోయారు. కరోనా కాలంలో 2020, 2021లలో ఫోన్లు చేసి అడిగారు. అప్పటి చంటిపిల్లలు ఇవాళ ఇరవై దాటిన పడుచువాళ్లు. ఇంతకాలం ఒకే మనుషుల వెంట నడిచిన అధ్యయనాలు పేదదేశాల్లో అరుదు. పిల్లల పేర్లు, ఊళ్ల పేర్లు బయటపెట్టరు. ఆ నియమం మంచిదే. కాని దానివల్ల తమ ఊరి గురించి రాసిన ముక్క తమదేనని ఆ ఊరివాళ్లకే తెలియకుండా పోయే ఇబ్బంది కూడా ఉంది.

ఆ లెక్కల్లో మనకు అన్నిటికన్నా పనికివచ్చేది కరువు సంగతి.

2002లో మొదటి కొలతలు తీసిన తర్వాత ఏం జరిగిందో పాలమూరు, అనంతపురం కూలీలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వానలు లేవు, పనులు లేవు. పశువుల్ని సంతకు తోలారు. తట్టాబుట్టా నెత్తిన పెట్టుకొని బస్సెక్కారు. పాలు తాగే పిల్లలు ఆ ఏళ్లలో పడవలసిన కండ పడలేదు. పరిశోధకుల భాషలో కరువును, తండ్రి చావును, పంట ఎండడాన్ని ఒకే మాటతో 'షాక్' అంటారు. కరెంటు తీగ తగిలినట్టు ఒక్కసారి కొట్టి పోయేది షాక్. కరువు అట్లా పోదు, ఇంట్లో కాపురం పెడుతుంది. సరే, మాట ఏదైనా కొలత నిజం. కరువు దెబ్బ తగిలిన ఇళ్ల పిల్లలు ఎత్తులో, బరువులో వెనకబడ్డారు.

2006-07లో ఆ పిల్లల్నే మళ్లీ కొలిచారు. అప్పటికి వాళ్లకు అయిదారేళ్లు. ఆ కొలతలను పట్టుకొని అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2014లో ఒక పరిశోధన అచ్చువేశారు. బళ్లో మధ్యాహ్నం వండిపెట్టే అన్నం తిన్న పిల్లల్లో, కరువువల్ల వెనకబడినవాళ్లు పోగొట్టుకున్నది చాలావరకు తిరిగి సంపాదించుకున్నారని తేల్చారు. తేల్చింది ఒక పూట అన్నం గురించి! వండిన అన్నం పెట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. మన రాష్ట్రంలో అమలైంది 2003 జనవరిలో. సరిగ్గా కరువు నడిమధ్యన. అప్పట్లో ఆ అన్నాన్ని ఎగతాళి చేసిన పెద్దమనుషులు గుర్తున్నారా? బళ్లు హోటళ్లయ్యాయని, చదువు పోయి గంటె మిగిలిందని మాట్లాడారు. ఆ నీళ్ల చారే పిల్లల ఎముకను నిలబెట్టింది.

రెండోది ఉపాధి పని. ఈ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. మొదటి విడతలో అన్ని జిల్లాలకూ రాలేదు. అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్‌లకు ముందొచ్చింది. శ్రీకాకుళానికి మరుసటి ఏడు, పశ్చిమ గోదావరికి 2008లో వచ్చింది. ముందొచ్చిన జిల్లాల పిల్లలకూ ఆలస్యంగా వచ్చిన జిల్లాల పిల్లలకూ తేడా ఏమైనా ఉందా అని అపరాజిత దాస్‌గుప్తా అనే పరిశోధకురాలు ఈ యంగ్ లైవ్స్ కొలతలనే తీసి చూసింది. 2017లో అచ్చయింది. కొత్తగా వచ్చిపడిన కరువు దెబ్బను ఉపాధి పని కాచిందని, కాని అంతకుముందు ఏళ్ల తరబడి పేరుకున్న లేమిని అది పూడ్చలేకపోయిందని తేలింది. ఈ రెండో మాటను దాచనక్కర్లేదు. గడ్డపార పట్టిన చేతికి వచ్చిన నాలుగు రూపాయలు ఇవ్వాళ్టి పొయ్యి ఆరకుండా కాస్తాయి. భూమి లేకపోవడాన్ని, కూలి రేటు తక్కువను అవి మార్చవు. మన సంఘాలు మొదటినుంచీ అంటున్నదీ అదే.

ఇదంతా పాత ముచ్చట కాదు. ఆ 2005 నాటి చట్టానికి బదులు 2025 డిసెంబరులో పార్లమెంటు వేరే చట్టం చేసింది. రోజులు 100 నుంచి 125 అన్నారు. ఖర్చులో 40 శాతం మనలాంటి రాష్ట్రాల నెత్తిన పెట్టారు. నాట్లు కోతల కాలంలో 60 రోజుల దాకా పని ఆపవచ్చునని రాశారు. నాట్లప్పుడు ఎట్లాగూ పొలంపని ఉంటుంది కదా అంటారు ఢిల్లీవాళ్లు. కరువొచ్చిన ఏడు నాట్లెక్కడివి? సరిగ్గా ఆ ఏడే కదా పిల్ల ఎముక వంగేది! ఈ ప్రశ్న వేయడానికి మన దగ్గర ఉపన్యాసం ఒక్కటే లేదు, పిల్లల కొలతలున్నాయి.

ఇంకొక మంచి సంగతి. ఏడాది వయసులో గిడసబారిన పిల్ల ఇక ఎప్పటికీ అంతేనని చాలామంది నమ్మేవారు. ఈ అధ్యయనంలో అట్లాంటి పిల్లలు ఎందరో తర్వాత్తర్వాత కోలుకున్నారు. అందుకని అంగన్‌వాడీ గుడ్డు, బడి అన్నం ఎప్పుడు పెట్టినా వృథా పోవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తులేనివాళ్లు తెలంగాణలో నూటికి 33, ఆంధ్రప్రదేశ్‌లో 31. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు.

ఇదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన మరో లెక్క మన ఆడకూలీలకు సంబంధించినది. 2015-16లో, 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. తెలంగాణలో ఎనిమిది దగ్గర. దేశంలో మనమే ముందు! ఏం గొప్ప! తెల్లబట్ట అవుతోందని, నడుంనొప్పని ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంకు పోతే, తీయకపోతే క్యాన్సరవుతుందని భయపెట్టి ముప్పయ్యేళ్లకే కోసి పంపిన అక్కలు మా సంఘంలోనే ఉన్నారు. ఎకరం తాకట్టుపెట్టిన వాళ్లున్నారు. ఆ తర్వాత బురదలో వంగి నాటు వేయడం వాళ్లవల్ల కాలేదు. ఒక్కొక్కరూ అది తమ ఖర్మ అనుకున్నారు. నూటికి తొమ్మిది అన్న అంకె మీటింగులో చదివి వినిపించిన రోజు ఒకామె లేచి, "అయితే నా ఒక్కదాని గాశారం కాదన్నట్టు" అన్నది. అంకె చేసే పని ఇది.

ఇక పిల్లల బతుకుదెరువు. ఎనిమిదేళ్ల వయసులో ప్రైవేటు బడికి పోతున్న పిల్లలు 2002లో నూటికి 24. అదే వయసు పిల్లల్లో 2009 నాటికి 44. ఏడేళ్లలో ఇంత మార్పు. ఆ ఫీజులకు ఎవరి పుస్తెలతాడు పోయిందో అడగాలి. పైగా ఇంట్లో ఒక్కరినే పంపగలిగితే కొడుకును పంపారు, బిడ్డ సర్కారు బడిలోనే ఉండిపోయింది. 1994-95లో పుట్టిన ఆడపిల్లల్లో నూటికి 28 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పదిహేనేళ్లకే బడి మానినవాళ్లకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. తల్లిదండ్రులకు తెలివిలేక చేశారని ఉపన్యాసాలిచ్చే వాళ్లు, హైస్కూలు ఊరికి ఎన్ని మైళ్ల దూరమో, తల్లి కూలికి పోతే ఎదిగిన పిల్ల దగ్గర ఎవరుంటారో అడగరు. కొడుకు సంగతి అమీర్‌పేటలో కనబడుతుంది. కోర్సు ఫీజు ఒకటి, హాస్టల్ ఒకటి, ఇంటర్వ్యూకు చొక్కా ఒకటి. తల్లి నాటు వేసిన డబ్బు సెల్ ఫోన్‌లో వారం వారం వస్తుంది. ఉద్యోగం వస్తే సరే. రాకపోతే సగంమంది సంచీ తగిలించుకొని ఇంటింటికీ అన్నం పొట్లాలు మోసే మోటారు సైకిళ్లెక్కుతున్నారు. తండ్రి అడ్డా మీద నిలబడ్డాడు, కొడుకు ఫోను ముందు నిలబడ్డాడు. ఎవరికీ పనికి పూచీ లేదు.

పరిశోధన ఉంటే చాలదనడానికి మన దగ్గరే పెద్ద సాక్ష్యం ఉంది. నీళ్లలో ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగుతాయని డాక్టర్లు అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో కనిపెట్టి అచ్చువేసింది 1937లో. దేశంలో అదే మొదటి నివేదిక. తర్వాత పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును విరిచే పద్ధతి నాగపూర్ శాస్త్రవేత్తలు తయారుచేశారు. దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు. ఆ పేరు ఆఫ్రికా దాకా పోయింది. నల్లగొండ పల్లెల్లో మాత్రం ఆ బోరు నీళ్లే తాగిన తరాలు నడుములు వంగి ముసలివాళ్లయ్యాయి. రిపోర్టు రాసినవాళ్ల తప్పు కాదు. ఆ రిపోర్టు పట్టుకొని అసెంబ్లీ ముందు కూర్చున్న జనం కావలసి వచ్చింది.

సర్వే చేసే పిల్లలతో మన వాళ్లకు పేచీ అక్కర్లేదు. వాళ్లూ చాలామంది నెలజీతం మీద తిరిగే పేదింటి డిగ్రీ పిల్లలే. కాని లెక్క లెక్కే. మొన్న పత్తి ఏరే రోజుల్లో మా ఊళ్లో ఒక సర్వే వచ్చింది. ఏ సంస్థదో ఎవరూ అడగలేదు. ఒక పెద్దామెను అరుగుమీద కూర్చోబెట్టి రెండు గంటలు అడిగారు. ఫ్యానుందా, టీవీ ఉందా, మరుగుదొడ్డుందా, కిందటి వారం ఎన్నిసార్లు పప్పు తిన్నారు. ఆమె అన్నీ చెప్పి చివర్న, "బిడ్డా, ఇన్ని అడిగినవు. ఒక పూట కూలి పాయె. ఇది రాసినంక మాకేం జెప్తరు?" అంది. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకొని, "నాకు తెల్వదమ్మా, నేను నింపి ఇచ్చేదాన్నే" అంది.

అడగవలసింది ఆ అమ్మాయిని కాదు, పంపినవాళ్లను. ఏ సంస్థ, ఎవరి డబ్బు, ఫలితం ఎప్పుడు, తెలుగులో ఊరికి పంపుతారా లేదా అన్న నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాయించి సంతకం తీసుకున్న తర్వాతే జవాబు చెప్పాలని మా మండల సంఘం ఈ సంక్రాంతికి తీర్మానం చేసింది. ప్రభుత్వ సర్వేలైతే ఆ పని కూడా అక్కర్లేదు. కుటుంబ ఆరోగ్య సర్వే ప్రతి జిల్లాకూ వేరే పత్రం వేసింది. నాలుగైదు కాగితాలు, ఇంగ్లీషులో ఉంటాయి. డబ్బు కట్టనక్కర్లేదు. ఊళ్లో బడి మాస్టారో, అమీర్‌పేట నుంచి పండక్కి వచ్చిన పిల్లవాడో గంటసేపు కూర్చుంటే తెలుగులో చదివి పెడతారు. పిల్లల ఎత్తు, ఆడవాళ్ల రక్తహీనత, చిన్ననాటి పెళ్లిళ్లు, ఈ మూడు వరసలు ముందు చదివించుకోండి. ఆ తర్వాత అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర మన ఊరి బరువుల రిజిస్టరు అడిగి పక్కన పెట్టుకోండి. గ్రామసభకు పోయేటప్పుడు రెండూ చేతిలో ఉండాలి.