సర్వే మన వాడ దాకా రావాలి

మచిలీపట్నంలోనో గుడివాడలోనో డిగ్రీ చదివే మన పిల్లలకు మొదటి ఏడాది కాగానే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది. ఊరికి వెళ్లాలి, సర్వే చేయాలి, రిపోర్టు రాయాలి. చాలామంది దీన్ని మార్కుల పనిగానే చూస్తారు. సైకాలజీ విద్యార్థి మాత్రం అలా చూడకూడదు. పుస్తకంలో చదివే పరిశోధనా పద్ధతులు ఎందుకున్నాయో తెలిసేది ఇక్కడే.

మొదటిది, ఎవరిని అడిగాం? దివిసీమలో ఒక ఊరు అనుకుందాం. సెంటర్లో బస్సు దిగి, రామాలయం వీధి మొదలుకుని 50 ఇళ్లు తిరిగారు. ఎండ ముదిరింది, వాడ దాకా వెళ్లలేదు. రిపోర్టులో 'గ్రామస్తుల అభిప్రాయం' అని రాశారు. ఆ గ్రామస్తుల్లో మనం లేం. అందుకే ముందు ఊళ్లోని ఇళ్లన్నిటికీ జాబితా రాసి, పేటల వారీగా విడదీసి, ప్రతి పేట నుంచీ చీటీలు తీసినట్టు ఇళ్లను ఎంచుకోవాలి. ప్రపంచ సైకాలజీకీ ఇదే జబ్బుందని 2010లో హెన్రిక్, హైన్, నోరెంజయన్ అనే పరిశోధకులు ఎత్తిచూపారు. మనిషి మనసు గురించి చెప్పిన సూత్రాల్లో చాలావాటికి ఆధారం పాశ్చాత్య దేశాల వాళ్లు, అందులోనూ ఎక్కువగా కాలేజీ విద్యార్థులేనన్నారు.

రెండోది, ఎవరి ముందు అడిగాం? పనికి పిలిచే ఆసామి పక్కనే ఉండగా 'ఈ ఊళ్లో వివక్ష ఉందా?' అంటే, కూలీ 'అబ్బే, అందరం కలిసే ఉంటాం బాబూ' అంటాడు. రేపటి కూలి గుర్తుపెట్టుకుని చెప్పిన మాట అది. ఒంటరిగా అడగాలి. పెద్ద మాటలు వదిలి జరిగింది అడగాలి: 'కిందటిసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఎక్కడ కూర్చున్నారు? మంచినీళ్లు దేంట్లో ఇచ్చారు?' కంటికి కనిపించని వివక్షను లెక్కకు అందేలా చేసేది ఇలాంటి ప్రశ్నలే.

మూడోది, దేనితో పోల్చాం? కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో 321 మంది అగ్రకుల, 321 మంది దళిత బాలురకు కాగితం మీద దారి కనుక్కునే పజిల్స్ ఇచ్చారు. కులం బయటపెట్టనప్పుడు రెండు వర్గాల మధ్యా తేడా లేదు. అందరి ముందు కులం చదివి వినిపించాక దళిత పిల్లల ఫలితం సుమారు ఐదో వంతు పడిపోయింది. పజిల్స్ అవే, మారింది ఆ ప్రకటన ఒక్కటే. 'మీ పిల్లలకు చదువు రాదు' అనే మాటకు ఇంతకంటే గట్టి జవాబు ఏముంది? పోలిక లేకుంటే ఈ జవాబు దొరికేది కాదు.

నాలుగోది, అనుమతి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన పెద్దవాళ్లు దివిసీమలో ఇంకా ఉన్నారు. 'చాలా భయపడ్డారా?' అంటే జవాబు మనమే అందించినట్టు. 'ఆ రాత్రి ఏం జరిగింది?' అని అడిగి వినాలి. చెప్పలేనంటే అక్కడితో ఆపాలి. పేర్లు రాయొద్దు. కాగితం, పెన్ను చూడగానే ఇల్లో పింఛనో వస్తుందని ఆశపడతారు. అలాంటిదేమీ రాదని ముందే చెప్పాలి.

చివరగా, రిపోర్టు కాలేజీలో ఇచ్చే ముందు వాడకు తీసుకెళ్లి చదివి వినిపించండి. 'మేం చెప్పింది ఇది కాదమ్మా' అని ఎవరైనా అంటే, అక్కడే కూర్చుని దిద్దండి.